ఆకు మడిచిన మనిషి

థాయిలాండ్‌లో నా ఇంగ్లిష్ టీచరు కొలువు ఆ మార్చితో అయిపోతోంది. అక్కడి బళ్లకు వేసవి సెలవులిచ్చేదీ అప్పుడే. వచ్చేసేముందు చివరి పనిగా తొమ్మిదో తరగతి పిల్లల్ని కాంచనబురిలో ఇంగ్లిష్ క్యాంపుకు తీసుకెళ్లాను.

1957లో వచ్చిన హాలీవుడ్ సినిమా పుణ్యమా అని క్వాయ్ నది వంతెన లోకమంతటికీ తెలుసు. ఆ వంతెన ఉన్న ఊరే కాంచనబురి. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం అక్కడి అడవుల మీదుగా బర్మాకు 415 కిలోమీటర్ల రైలుమార్గం వేయించింది. 1942లో మొదలుపెట్టి 1943 అక్టోబరుకల్లా పట్టాలు కలిపేశారు. సుత్తులతో, ఉలులతో కొండలు తొలిచారు. ఆకలి, కలరా, కావలివాళ్ల దెబ్బలు. పనిలో పెట్టిన 60 వేలమందికి పైగా యుద్ధఖైదీల్లో 12 వేలమందికి పైగా చనిపోయారు. యుద్ధం ముగిశాక అడవి పొడవునా సమాధులు వెతికి, వాళ్లలో చాలామంది అస్థికలు తెచ్చి, ఊరి నడుమ పచ్చికలో వరసలుగా పూడ్చారు. దాదాపు 7 వేల సమాధులు. ఒక్కో రాతి మీద ఒక కంచు పలక. దాని మీద పేరు, రెజిమెంటు, పోయిన తేదీ, వయసు. కొన్నింటి మీద కన్నవాళ్లో భార్యో రాయించిన ఒక మాట.

క్యాంపు నడిపే సంస్థ అక్కడే పోటీ పెట్టింది. ఎవరికి వాళ్లు ఒక సమాధిని ఎంచుకుని, ఆ మనిషి గురించి రెండు నిమిషాలు ఇంగ్లిష్‌లో మాట్లాడాలి. పేరు, వయసు, దేశం, వీటికి మార్కుల కాగితంలో విడివిడిగా గడులున్నాయి.

ముందురోజు రాత్రి నది ఒడ్డున అరిటాకుల్లో భోజనాలు పెట్టారు. నేను తిని, ఆకు మడిచి లేచాను. ఎదురుగా కూర్చున్న పిల్ల నా ఆకువంకే చూస్తోంది. ఏడాదంతా క్లాసులో నోరు విప్పని పిల్ల. "ఏమ్మా?" అంటే తల దించుకుంది.

పొద్దున్నే పోటీ మొదలైంది. ఒకడు ఆస్ట్రేలియా సైనికుడి గురించి చెప్పాడు, ఒకమ్మాయి డచ్చి సైనికుడి గురించి చెప్పింది. వయసు దగ్గరికి వచ్చేసరికి అందరి గొంతులూ తగ్గిపోయాయి. 21, 23, 25. అవి వాళ్ల అన్నల వయసులు.

ఆ పిల్ల వంతు వచ్చింది. వరసలు దాటి వెళ్లి, సమాధి అంటూ ఏదీ లేనిచోట గడ్డిలో నిలబడింది.

"ఈయనకు ఇక్కడ రాయి లేదు. మా ముత్తవ్వ చిన్నప్పుడు వాళ్ల ఇల్లు నది ఒడ్డునే ఉండేది. రైలు పని కూలి ఒకాయన ఆకలితో వస్తే వాళ్లమ్మ ఆకులో అన్నం పెట్టింది. ఆయన కాళ్లనిండా పుళ్లు. మెతుకు మిగల్చకుండా తిన్నాడు. తిన్న ఆకు సగానికి మడిచి, దండం పెట్టి, మళ్లీ పనిలోకి పోయాడు. ఇక రాలేదు. ముత్తవ్వ పోయేదాకా ఆయన్ని తలుచుకునేది. ఆకు ఎందుకు మడిచాడో మా ఇంట్లో ఎవరికీ తెలియదు."

వ్యాకరణం తప్పినచోట కూడా ఆ పిల్ల గొంతు తడబడలేదు.

మార్కులు వేసే ఆయన అడిగాడు. "పేరు?"

"తెలియదు."

"వయసు?"

"తెలియదు."

"దేశం?"

ఆ పిల్ల నావైపు చెయ్యి చూపించింది. "టీచర్ దేశం. రాత్రి టీచర్ కూడా ఆకు అలాగే మడిచారు."

నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మలయా రబ్బరు తోటల్లోని మన కూలీలను మూడు నెలల పని, మంచి కూలి అని ఆశపెట్టి కొందరిని, బలవంతంగా ఎందరినో ఆ అడవికి తోలుకొచ్చారు. ఎక్కువమంది తమిళులు, వాళ్లతోపాటు తెలుగువాళ్లు. మలయా, బర్మా, జావా కూలీలంతా కలిసి 80 వేల నుంచి లక్షమంది దాకా ఆ దారిలో రాలిపోయారంటారు. పేర్లు రాసిపెట్టిన నాథుడు లేడు కాబట్టి ఇప్పటికీ అది అంచనాయే. అంతమందిలో ఒకడికి ఆ పిల్ల ఇంట్లో తరాలపాటు చోటు దొరికింది.

మొదటి బహుమతి ఆ పిల్లకే ఇవ్వాలని పట్టుబట్టాను. మార్కులు వేసే ఆయన కాగితం నా ముందు పెట్టాడు. పేరు గడిలో సున్నా. వయసు గడిలో సున్నా. దేశం గడిలోనూ సున్నాయే.

"దేశం చెప్పింది కదా!" అన్నాను.

"పలక మీద ఉంటేనే మార్కు" అన్నాడు.