తాళం వేసిన యూనియన్

కోల్‌కతాలోని జాదవ్‌పూర్ యూనివర్సిటీలో విద్యార్థి సంఘానికి 2020 ఫిబ్రవరిలో ఎన్నికలయ్యాయి. ఆ తర్వాత 2025 వేసవి వచ్చేసినా మళ్లీ ఊసు లేదు. పీజీ అంటే రెండేళ్లేగా! ఈలోగా నాలుగు బ్యాచ్‌లు చేరాయి, చదివాయి, పట్టా పుచ్చుకుని వెళ్లిపోయాయి. ఒక్కరి చేతికీ బ్యాలెట్ కాగితం అందలేదు. ఏటా ఎన్నికలు పెట్టాలనీ, అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదనీ విద్యార్థి సంఘాల ఎన్నికలపై వేసిన లింగ్డో కమిటీ 2006లోనే చెప్పింది. మొదటి మాట గాలికి పోయినా, రెండోది తు.చ. తప్పకుండా అమలైంది: పోటీయే లేకపోతే ఖర్చెక్కడిది? 2017లో రాష్ట్రం యూనియన్ బదులు కౌన్సిల్ అంది, అధ్యక్షుడిగా అధ్యాపకుణ్ణి పెట్టమంది. పెళ్లికొడుకు పీటల మీద పురోహితుడే కూర్చున్నట్టు!

ఎన్నికలంటే కొట్లాటలే కదా అంటారు. నిజమే, 2013లో గార్డెన్‌రీచ్‌లో కాలేజీ ఎన్నికల గొడవలో ఒక పోలీసు అధికారి ప్రాణమే పోయింది. కానీ 2023 పంచాయతీ ఎన్నికల్లోనూ ఈ రాష్ట్రంలో రక్తం పారింది. అందుకని పంచాయతీలకు సర్పంచి బదులు హెడ్మాస్టర్ని పెడదామని ఎవరూ అనలేదే! పైగా ఎన్నికలు ఆగితే పెత్తనం ఆగుతుందా? ఎన్నికైనవాళ్లు లేకపోయినా యూనియన్ గదులు తెరిచే ఉన్నాయి, కుర్చీలూ ఖాళీగా లేవు. చివరికి 2025 జులైలో కలకత్తా హైకోర్టే ఎన్నికలయ్యేదాకా ఆ గదులకు తాళం వేయమంది. తాళాలు సరే, పోలింగ్ తేదీ చెప్పండి మహాప్రభో!