కదిరివాళ్లకు సమతులాహార మార్గదర్శిని

ఆరోగ్యంగా ఉండాలని మీకు గట్టిగా అనిపిస్తే, ముందు ఇంట్లో సంగటి మానేయండి. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఇంత బలం ఊరికే కడుపులో పడితే మందుల షాపులవాళ్లు ఎట్లా బతకాలి? ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని మెట్టలో మొండిగా పండే కొర్రల్నీ వదిలించుకోండి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక చాలా ఇళ్లు ఈ మెట్టు దాటేశాయి. (ఆ బియ్యాన్ని తప్పుపట్టను. పండగనాడు మాత్రమే వరిబువ్వ చూసిన ఇంట్లో రోజూ ఎసరు పెట్టుకోవడం చిన్న సంగతి కాదు.)

తర్వాత షుగరు వచ్చేదాకా ఓపిక పట్టండి. డాక్టరు రాగులు తినమన్నాక మాత్రం తొందరపడి ఇసుర్రాయి వెతక్కండి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం చేశాక అవి మంచి రంగుల ప్యాకెట్లలో వస్తున్నాయి. మీ అవ్వ గంజిలా తాగిందే, చక్కెర కలిపి మాల్టు పేరుతో కొనుక్కోండి.

మాంసకృత్తుల విషయంలో మనకు లోటు లేదు. మన ఊరి వ్యవసాయ పరిశోధనా స్థానం కదిరి-6, కదిరి లేపాక్షి లాంటి సెనక్కాయ రకాలిచ్చింది. సెనక్కాయ విత్తనంలో పావు వంతు మాంసకృత్తులే. అందుకే కల్లంలో తడారకముందే మొత్తం అమ్మేసి అప్పు కట్టండి; వచ్చేటప్పుడు పామాయిల్ ప్యాకెట్ తెచ్చుకోండి. పొరపాటున నాలుగు గింజలు మిగిలితే పెనం మీద వేయిస్తారు, చాటలో నలిపి పొట్టు ఊదుతారు, ఎండుమిరపకాయలూ చింతపండూ వేసి రోట్లో కచ్చాపచ్చాగా నూరుతారు. ఆ ఊరిబిండి వాసనకు మళ్లీ సంగటి గుర్తొస్తుంది. మీ శ్రమంతా వృథా. జాగ్రత్త.

ఆకుకూరలతో ఇంకా ప్రమాదం. తొలివానకే చెంచలాకు, దొగ్గలాకు, గురుగాకు డబ్బులడక్కుండా సాళ్ల మధ్య మొలుస్తాయి. డబ్బు పెట్టనిది ఆరోగ్యం ఎట్లా అవుతుంది? కలుపుమందు కొట్టి, బస్టాండు దగ్గర కట్ట కొనండి.

పళ్లెంలో సగం కూరగాయలూ పండ్లూ ఉండాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. సగం పళ్లెం నింపడం సులువే. చిన్న పళ్లెం కొనండి. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటినప్పుడు చారులో దాని ఊసు ఎత్తకపోవడం మన పద్ధతి. మదనపల్లె మార్కెట్లో ధర పడిపోయినప్పుడు మాత్రం రోడ్డు పక్కన పారబోసిన కుప్పల్ని చూస్తూ పోవాలి, తినకూడదు.

పండ్లకు ఫాల్గుణ మాసం దాకా ఆగండి. నరసింహస్వామి తేరు కదిలేటప్పుడు జనం దాని మీదికి పండ్లూ మిరియాలూ విసురుతారు. మిరియం గింజ దొరికితే నోట్లో వేసుకోండి, రోగాలు రావంటారు. అరటిపండు చిక్కిందా, మీ ఏడాది కోటా పూర్తయినట్టే.