ఫారం మీది వేలిముద్ర

ఆ తాత జన్మలో ఫోను పట్టుకున్న మనిషి కాదు. అయినా ఆయన పేరు మీద ఒక ఫోను నంబరు ఉండేది. దాన్ని పుట్టించింది నేను.

చర్లలో నాకు చిన్న కొట్టు ఉండేది. జిరాక్సు మిషను, రెండు కుర్చీలు, తీగకు వేలాడే రీచార్జి కార్డులు. రాష్ట్రం అప్పటికి విడిపోలేదు, మాది ఖమ్మం జిల్లా. కొట్టుకు వచ్చేవాళ్ళలో సగంమంది పామేడు వైపు వాళ్ళే. పామేడు ఛత్తీస్‌గఢ్‌లో, బీజాపూర్ జిల్లాలో ఉంది. కానీ అడవిలో దారి తెగిపోయి ఉండడంతో, వాళ్ళు సొంత జిల్లా కేంద్రానికి పోవాలంటే మా చర్ల మీదుగా చుట్టూ తిరిగి 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయాల్సి వచ్చేది. అందుకే ఉప్పుకైనా, జ్వరం సూదికైనా, మిర్చి ఏరే కూలికైనా మా వైపే వచ్చేవాళ్ళు. కోయమాటతో పాటు తెలుగూ మాట్లాడతారు. తునికాకు డబ్బులు చేతికొచ్చిన రోజుల్లో సంతకు వచ్చి బట్టలు, బ్యాటరీ లైట్లు కొనుక్కునేవాళ్ళు. 2013 నాటికి ఆ జాబితాలోకి ఫోను కూడా వచ్చింది.

ఆ ఎండాకాలం ఒక సంత రోజు పామేడు పక్క నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. మిర్చి చేలల్లో సంపాదించిన డబ్బుతో సెకండ్ హ్యాండ్ ఫోను కొన్నాడు, సిమ్ కావాలన్నాడు. కార్డు ఏదన్నా ఉందా అంటే లేదన్నాడు. రేషన్ కార్డు లేదు, ఓటరు కార్డు లేదు. పనికి ఎక్కడికి పోయినా అమ్మకు కబురు పంపలేకపోతున్నానని చెప్పాడు. బతిమాలలేదు. చెప్పి, పక్కన నిలబడ్డాడు.

కౌంటరు కింద పాడైన జిరాక్సు కాగితాల కట్ట ఒకటి ఉండేది, వెనకవైపు లెక్కలు రాసుకోవడానికి. అందులో అంతకు ముందు వారం పామేడు వైపు నుంచి వచ్చిన ఒక తాత ఓటరు కార్డు నకలు ఉంది. పింఛను కోసమని తీయించుకున్నాడు. మొదటి కాపీ నల్లగా వచ్చిందని పక్కన పడేసి, ఇంకొకటి తీసి ఇచ్చాను. ఆ నల్ల కాగితంలో మొహం ఎవరిదో పోల్చుకోలేం. పేరూ ఊరూ మాత్రం స్పష్టంగా ఉన్నాయి.

దాన్ని బయటికి తీశాను. ఫారం నింపాను. ఫారం అడుగున అమ్మినవాడు సంతకం పెట్టాల్సిన చోట ఒక మాట అచ్చువేసి ఉంటుంది: మనిషిని నేను స్వయంగా చూశాను, అసలు కార్డుతో నకలును సరిచూశాను అని. ఆ మాట కింద సంతకం పెట్టి, కొట్టు ముద్ర వేశాను. పైన కొనేవాడి వేలిముద్ర ఉండాలి. కుర్రాడు అప్పటికి పక్క కొట్టులో టీ తాగుతున్నాడు. స్టాంపు ప్యాడ్ మూత తీసి నా ఎడమచేతి బొటనవేలు అద్ది, తాత పేరు పక్కన నొక్కాను. మొత్తం మూడు నిమిషాల పని.

ఎందుకు చేశానని నన్ను నేను చాలాసార్లు అడిగాను. డిస్ట్రిబ్యూటరు నెలనెలా ఇన్ని యాక్టివేషన్లు కావాలని టార్గెట్ పెట్టేవాడు, నిజమే. కానీ ఆ రోజు నా మనసులో ఉన్నది టార్గెట్ కాదు. మేలు చేస్తున్నాననుకున్నాను. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వర గురించి పేపర్లో చదివి ఉన్నాను. మామూలు ఫోను నుంచి గోండీలో మాట్లాడి, చెడిపోయిన బోరింగు గురించి, రాని కూలి గురించి చెబితే నలుగురూ వినేవాళ్ళట. అడవి మనిషికి ఫోను ఇవ్వడమంటే నోరు ఇవ్వడమేనని నమ్మాను. కాగితం తంతు మాత్రమే, అసలు సంగతి మాట కలపడం అనుకున్నాను. ఇంతకంటే మూర్ఖపు తలపు నాకు మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

2015లో తాత నా కొట్టుకు వచ్చాడు. తువ్వాలు మడతలోంచి ఒక కాగితం తీసి కౌంటరు మీద పరిచాడు. హిందీలో ఉంది. "బాబూ, ఇందులో ఏం రాశారో సదివి చెప్పు" అన్నాడు. కూడబలుక్కుంటూ చదివాను. ఫలానా నంబరు విషయంలో విచారణకు హాజరు కావాలని ఉంది. సిమ్ అమ్మినప్పుడల్లా నంబర్లు రాసుకునే పుస్తకం నా దగ్గరుంది. తాత ఎదురుగానే తిరగేశాను. ఆ కుర్రాడి నంబరు.

"నాకు ఫోనే లేదు గదా బాబూ" అన్నాడు తాత.

ఏదో పొరపాటయి ఉంటుంది తాతా, వెళ్ళి అదే మాట చెప్పు, అన్నాను. మంచినీళ్ళు ఇచ్చాను. జిరాక్సుకు డబ్బులు తీసుకోలేదు. నిజం మాత్రం చెప్పలేదు.

పామేడు చుట్టుపక్కల ఆ రోజుల్లో ఫోను నంబరు అంటే ఏమిటో మైదానం వాళ్ళకు తెలియాలి. పోలీసుల లెక్కలో అది మావోయిస్టు దళాలకు సరుకులూ కబుర్లూ చేరవేసేవాడి గుర్తు కావచ్చు. దళాల లెక్కలో ఇన్ఫార్మరు గుర్తు కావచ్చు. ఇన్ఫార్మరని ముద్రపడి చచ్చిపోయినవాళ్ళు బస్తరులో ఎందరో. టవర్లను పేల్చేసిన కాలం అది. అలాంటి చోట ఒక ముసలాయన పేరును నేను ఒక నంబరుకు కట్టేశాను.

తాతను కొట్టారని చెప్పను, ఆయన ఎప్పుడూ అలా చెప్పలేదు. పిలిచారు, కూచోబెట్టారు, పంపారు, మళ్ళీ పిలిచారు. ప్రతి పిలుపుకూ ఆ చుట్టుదారి ప్రయాణం. రెండు తునికాకు సీజన్లు పోయాయి. దారి ఖర్చులకు ఒక ఎద్దును అమ్మాడు. ఒంటెద్దుతో దున్నలేక రెండోదాన్నీ అమ్మాడు. ఈలోపు ఊళ్ళో రెండోవైపు వాళ్ళు అడగనే అడిగారు: నిన్ను ఇన్నిసార్లు ఎందుకు పిలుస్తున్నారని. 2016లో ఇల్లు వదిలేసి చర్ల దగ్గర కూతురింటికి వచ్చేశాడు. పొలం బీడు పడింది.

నా ముద్ర, నా సంతకం, నా వేలు ఉన్న ఆ ఫారం ఏమైంది? మేం వారానికోసారి ఫారాలు సంచిలో కుక్కి పంపేవాళ్ళం. అవి కంపెనీ గోదాములో చేరేవి. పోలీసులు అడిగినప్పుడు వెళ్ళింది కంప్యూటర్లోంచి తీసిన పేరూ ఊరే, ఫారం కాదు. మన దేశంలో ఒకరి మాటలు దొంగచాటుగా వినాలంటే హోం కార్యదర్శి స్థాయిలో ఉత్తర్వు కావాలని, దాన్ని ఒక కమిటీ పరిశీలించాలని 1996లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పేరూ ఊరూ కావాలంటే పోలీసుల లేఖ చాలు. ఆ లేఖకు జవాబిచ్చే కంపెనీ ఉద్యోగికి గోదాములోంచి ఒక కాగితం తీయించి, ఈ వేలు ఈ మనిషిదేనా చూడండి అని రాసే బాధ్యత ఉందని ఎవరూ అనుకోలేదు. తీసి ఉంటే తాత ఆ రోజే ఇంటికి పోయేవాడు.

నేనూ ఒకసారి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. దొంగచాటుగా, పేరు చెప్పకుండా. నంబరు ఎవరి పేరు మీద ఉందో వాళ్ళే, ఆ నంబరు నుంచే చేయాలన్నారు. డాకెట్ నంబరు ఇచ్చారు. మర్నాడు ఫిర్యాదు పరిష్కారమైందని మెసేజ్ వచ్చింది.

తర్వాత తెలుసుకున్న సంగతి ఇంకా బాధపెట్టింది. ఇలాంటి తప్పుడు ఫారం దొరికితే టెలికాం శాఖ కంపెనీకి జరిమానా వేసేది. ఆ సొమ్ము ప్రభుత్వానికి పోయేది. కంపెనీ దాన్ని డీలరు మీద వేసేది, డీలరు కొట్టువాడి కమిషన్లో కోసేవాడు. ఎవరి పేరు దొంగిలించామో ఆ మనిషికి ఈ లెక్కలో ఒక గడి కూడా లేదు.

2011 జూన్‌లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి, జాన్ రగ్గీ తయారుచేసిన మార్గదర్శక సూత్రాలను ఆమోదించింది. అందులో మూడు మాటలున్నాయి: ప్రభుత్వం కాపాడాలి, కంపెనీ గౌరవించాలి, నష్టపోయినవాడికి పరిహారపు దారి ఉండాలి. మూడోమాట చదివినప్పుడల్లా తాత తువ్వాలు మడత గుర్తొస్తుంది. 2014లో వోడాఫోన్, ఏయే దేశాల ప్రభుత్వాలు తన వినియోగదారుల వివరాలు ఎన్నిసార్లు అడిగాయో ప్రకటించింది. భారతదేశం దగ్గరకొచ్చేసరికి చట్టం ఒప్పుకోదని అంకె వేయలేదు. మయన్మార్‌లో 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం లాక్కున్నాక, నార్వే కంపెనీ టెలినార్ అక్కడి వ్యాపారం అమ్మేసింది. దాంతో పాటు సుమారు కోటీ 80 లక్షల మంది వివరాలూ చేతులు మారాయి. 474 మయన్మార్ సంస్థల తరఫున నార్వేలో ఫిర్యాదు వెళ్ళింది. మన రాష్ట్రాల్లో యూనినార్ పేరుతో సిమ్‌లు అమ్మింది ఆ కంపెనీయే. నా ఫారాల కంపెనీ అది కాదు. కానీ ఆ 474 అంకె దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అక్కడ అంతమంది కలిసి అడిగారు. తాత తరఫున అడగాల్సినవాణ్ణి నేనొక్కణ్ణే, అడగలేదు.

2021 ఏప్రిల్‌లో, మన పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో చూసుకునే సదుపాయాన్ని టెలికాం శాఖ ముందుగా మన తెలుగు రాష్ట్రాల్లోనే తెచ్చింది. ఆ రోజు ఆశతో కంప్యూటరు ముందు కూచున్నాను. మొదటి గడిలోనే ఫోను నంబరు కొట్టమంది, దానికి ఓటీపీ వస్తుందంది. తాతకు ఫోను లేదు. ఆయన ఏ నంబరు కొడతాడు?

ఆ పాత నంబరుకు ఒకసారి ఫోన్ చేశాను. ఎవరో ఆడమనిషి తీసింది, వెనక పసిపిల్ల ఏడుస్తోంది. కంపెనీ దాన్ని ఇంకెవరికో ఇచ్చేసింది. నంబరుకు పాత బరువు తీరిపోయింది. పామేడు పక్కన మాత్రం తాత పేరు ఇంకా ఏదో జాబితాలో ఉంది. ఇప్పుడు అక్కడికి రోడ్డు పడుతోంది. మావోయిస్టు ప్రాంతాల్లోని 2,343 టవర్లను 4జీకి మార్చాలని కేంద్రం 2022లోనే నిర్ణయించింది. కుర్రాళ్ళు పొలంగట్టు మీద కూచుని వీడియోలు చూసే రోజు వస్తుంది, రావాలి. తాత మాత్రం ఆ వైపు వెళ్ళడు.

పోయిన నెల భద్రాచలంలో ఒక వకీలును కలిశాను. జరిగినదంతా రాయించాను, తేదీ, నంబరు, ఫారం, వేలు. అది తీసుకుని తాత దగ్గరకు వెళ్ళాను. గుమ్మంలో కూచుని చింతపండు గింజలు తీస్తున్నాడు. ఎదురుగా కూచుని మొదటి నుంచి చివరిదాకా చదివాను. నా వేలు అద్దిన చోట గొంతు ఆగిపోయింది, మళ్ళీ చదివాను. తాత చేతులు ఆపలేదు.

చాలాసేపటికి, "ఆ పిల్లగాడు వాళ్ళమ్మతో మాట్లాడాడా?" అని అడిగాడు.

తెలియదు తాతా, మళ్ళీ కనపడలేదు, అన్నాను.

వకాల్తా మీద ఆయన వేలిముద్ర కావాలి. స్టాంపు ప్యాడ్ ముందు పెట్టాను. చింతపండు జిగురు ఉన్న రెండు చేతులూ తువ్వాలు కింద దాచుకున్నాడు. "కాయితం మీద నేను వేలెయ్యను. నీ వేలు ఉందిగా. అదే వెయ్యి" అన్నాడు.

నా వాంగ్మూలం కింద నా వేలు వేద్దామని మూత తీశాను. సిరా ఎండిపోయి ఉంది. కూతురు లోపలి నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చి, ప్యాడ్ మీద నాలుగు చుక్కలు పోసింది.