జూలై 1న పుట్టుకొచ్చే ప్రతిభ

ఢిల్లీ పోలీసు ప్రతిభకి ఏడాదికి రెండే ముహూర్తాలు: జనవరి 1, జూలై 1. ఎవరికి ఏది రాసిపెట్టి ఉంటే ఆ రోజు నిద్ర లేచేసరికి మూలవేతనంలో 3 శాతం మేర ప్రతిభ పెరిగి ఉంటుంది. దొంగని పట్టక్కర్లేదు. సర్వీసులో ఉన్నట్టు కాగితం మీద కనిపిస్తే చాలు.

ఢిల్లీ పోలీసు కేంద్ర హోంశాఖ కిందిది కనక కేంద్ర వేతన సంఘాల లెక్కే వాళ్ళకీ వర్తిస్తుంది. జస్టిస్ ఏకే మాథుర్‌గారి ఏడో సంఘం 2015లో నివేదిక ఇస్తూ, ఇంక్రిమెంటు దానంతటదే వచ్చిపడేదన్న అభిప్రాయం పాతుకుపోయిందని వాపోయింది. పనిని బట్టి డబ్బివ్వండి అంది. ఆరో సంఘం అంతకుముందే ఆ మాట అంది. ప్రభుత్వం ఇద్దరికీ దణ్ణం పెట్టి ఆ పేజీలు బీరువాలో భద్రం చేసింది. ఇంగ్లండ్, వేల్స్ పోలీసులకి 2003లో సామర్థ్యపు భత్యం పెట్టి చూశారు. అడిగినవాళ్ళలో దాదాపు అందరూ సమర్థులేనని తేలింది. 2011లో విన్సర్ సమీక్ష దాన్ని ఎత్తేయమంది. మనం పెట్టనే లేదు, ఎత్తేసే ఖర్చు తప్పింది.

కాబట్టి మనకి ఇంక్రిమెంటు ఇవ్వడానికి కారణం అక్కర్లేదు, ఆపడానికే కావాలి. ఆ కారణాలన్నీ ఒక కట్టలో ఉంటాయి. ఢిల్లీ పోలీసు భాషలో దాని పేరు ఫౌజీ మిసల్. పాత పంజాబ్ పోలీసు నుంచి వచ్చిన ఆస్తి. పేరు ఫౌజీయే గానీ అందులో యుద్ధాలేం ఉండవు. ఫలానా కానిస్టేబులు ఫలానా రోజువారీ డైరీ (డీడీ) ఎంట్రీ ప్రకారం ఒక రోజు మూడు గంటల పదిహేను నిమిషాలు గైర్హాజరు అని ఉంటుంది. ఆ పదిహేను నిమిషాలు చూశారా? కోపర్నికస్ మార్గ్‌లోని కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ తీర్పులు తిరగేస్తే ఇలాంటి పట్టికలు కనిపిస్తాయి: రోజులు, గంటలు, నిమిషాలు. మీ ఫోను పోయిందని థానాకి వెళ్తే ఎఫ్ఐఆర్ ఏ వారంలో పడుతుందో చెప్పలేని వ్యవస్థ, తన మనిషి ఎన్ని నిమిషాలు లేడో మాత్రం మరిచిపోదు.

శిక్షలకి కొదవ లేదు. 1978 నాటి ఢిల్లీ పోలీసు చట్టం 21వ సెక్షన్లో డిస్మిస్ దగ్గర్నుంచి హోదా తగ్గింపు, సర్వీసు కోత, జీతం కోత, ఇంక్రిమెంటు నిలుపుదల, నెల జీతం మించని జరిమానా, సెన్షూరు అనే మందలింపు దాకా అన్నీ ఉన్నాయి. కానిస్టేబులైతే ఇన్‌స్పెక్టరుగారే పదిహేను రోజుల వరకూ పనిష్మెంట్ డ్రిల్లు చేయించవచ్చు. ఇంత జాబితాలోనూ కనిపించని శిక్ష ఒకటుంది. అదే ఊళ్ళో అందరికీ తెలిసినది: లైన్ హాజిర్. ఎవరినో లాఠీతో బాదిన వీడియో పొద్దున పాకితే, సాయంత్రానికి టీవీ కింద ఆ రెండు ముక్కలూ పరుగెడతాయి. మన తెలుగు రాష్ట్రాల్లో వీఆర్‌కి పంపడం లాంటిదే. జిల్లా లైన్స్‌లో రిపోర్టు చేయాలి, అంతే. ఆ ఒక్క ఉత్తర్వుతో జీతమూ ఆగదు, ఇంక్రిమెంటూ ఆగదు, మిసల్‌లో శిక్షగానూ పడదు. జనం కోపం చల్లారేదాకా మనిషిని నీడపట్టున కూచోబెట్టడం. ఇక చేసింది నేరమే అని ప్రాథమిక విచారణలో తేలితే? అది కోర్టుకెళ్ళే కేసా, ఇంట్లో తేల్చుకునే శాఖాపరమైన విచారణా అన్నది అదనపు కమిషనరుగారి అనుమతి మీద ఆధారపడుతుంది. 1980 నాటి శిక్షలు, అప్పీళ్ళ రూల్సు అలా చెబుతున్నాయి. మీకూ నాకూ ఈ వెసులుబాటు లేదు.

ఇప్పుడు ఒకే బ్యాచ్‌లో చేరిన ఇద్దరిని ఊహించుకోండి. ఒకాయన థానాలో ఉన్నాడు. కేసులు, సమన్లు, వీఐపీ బందోబస్తు, అర్ధరాత్రి పీసీఆర్ కాల్స్. ఇన్ని మోసేవాడి చేతిలోంచి ఏదో ఒకటి జారక తప్పదు. కేసు డైరీ ఆలస్యమవుతుంది, ముద్దాయి ఆస్పత్రి బాత్రూం కిటికీలోంచి మాయమవుతాడు. రెండో ఆయన ఏదో యూనిట్లో డాక్ రిజిస్టరు రాస్తాడు. వచ్చిన కాగితానికి నంబరేసి పక్క టేబుల్‌కి పంపుతాడు. ఆయన దగ్గర్నుంచి పారిపోవడానికి ముద్దాయే లేడు.

ప్రమోషన్ల కమిటీ కూచుంటుంది. అది పాటిస్తూ వచ్చిన కొలతలు ఇవీ: అవినీతి శిక్ష పడితే అయిదేళ్ళు, పనిలో లోపానికి పెద్ద శిక్ష పడితే రెండేళ్ళు, సెన్షూరైతే ఆరు నెలలు పక్కన కూచోవాలి. నిజాయితీ మీద అనుమానం ఉన్నవాళ్ళ సీక్రెట్ లిస్టులో పేరుంటే సరేసరి. డాక్ ఆయన మిసల్ మల్లెపూవులా ఉంది. థానా ఆయనది పరీక్ష పేపరులా ఎర్రటి గీతలతో ఉంది.

"జనాబ్, నేను తేల్చిన కేసులు?"

"వాటికి గడి లేదయ్యా. జారినవాటికే ఉంది."

ప్రమోషను రాకపోయినా 10, 20, 30 ఏళ్ళకి ఎంఏసీపీ కింద జీతం మెట్టెక్కాలి కదా అంటారా? 2016 జూలై నుంచి దానికి వార్షిక నివేదికలో 'వెరీ గుడ్' కావాలి. పై అధికారి మెచ్చుకుని 'గుడ్' అని రాస్తే మెట్టు దక్కదు. తిడితే ఎలా ఉంటుందో మరి.

చార్జిషీటు నడుస్తున్నవాడి గతి ఇంకోటి. కమిటీ అతని గురించి ఏమనుకుందో రాసి, సీలు వేసి దాచేస్తారు. చార్జిషీటు ఇచ్చాకే ఈ సీల్డ్ కవరు, ఊరికే విచారణ జరుగుతోందని కాదు అని 1991లో జానకీరామన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నిర్దోషి అని తేలితే కవరు తెరుస్తారు. పక్కనే మథురలో మాల్‌ఖానా గంజాయిని ఎలుకలు తినేశాయని 2022లో పోలీసులు కోర్టుకి చెప్పుకున్నారు. కవర్ల జోలికి మాత్రం ఎలుకలు పోయినట్టు ఎక్కడా వినలేదు.

పనిని లెక్కపెట్టడం చేతకాదని కాదు. 2020 ఆగస్టులో అప్పటి కమిషనర్ ఎస్.ఎన్. శ్రీవాస్తవ ఒక పథకం పెట్టారు: 12 నెలల్లో 14 ఏళ్ళలోపు తప్పిపోయిన పిల్లల్ని 50 మందిని వెతికి తెస్తే వరస తప్పించి ప్రమోషను. సమయ్‌పూర్ బాద్లీ థానా హెడ్ కానిస్టేబుల్ సీమా ఢాకా 76 మందిని తెచ్చారు, అందులో 56 మంది 14 ఏళ్ళలోపు వాళ్ళే. నవంబరుకల్లా ఏఎస్ఐ అయ్యారు. ఏ వేతన సంఘమూ అక్కర్లేకపోయింది.

అయితే తేలిగ్గా లెక్కకొచ్చేవి పిల్లలొక్కరే కాదు, శవాలు కూడా. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం చేసిన ఫిర్యాదు మీద ఎన్‌కౌంటర్ల గురించి జాతీయ మానవ హక్కుల కమిషన్ 1997 మార్చి 29న ముఖ్యమంత్రులకి లేఖ రాసింది. సరిగ్గా రెండు రోజులకి, మార్చి 31న, కన్నాట్ ప్లేస్ దగ్గర ఢిల్లీ పోలీసులు గ్యాంగ్‌స్టర్ అనుకుని ఇద్దరు వ్యాపారుల్ని కాల్చి చంపారు. ఏసీపీతో సహా పదిమంది శిక్షని సుప్రీంకోర్టు ఖరారు చేసేసరికి 2011 వచ్చింది. ఆ రాత్రే ఎవరికైనా పతకం తగిలించి ఉంటే దాన్ని పీకడానికి పద్నాలుగేళ్ళు పట్టేదన్నమాట. ఎన్‌కౌంటర్ జరిగిన వెంటనే ప్రమోషన్లూ సాహస పురస్కారాలూ పంచొద్దని 2014లో అదే కోర్టు ఎందుకందో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్‌గారి ఎనిమిదో వేతన సంఘం వచ్చింది. పనికి తగ్గ డబ్బు అని మళ్ళీ ఎవరో ఒకరు రాసి ఇస్తారు. నాదీ ఒక అర్జీ: వార్షిక నివేదికలో ఒక్క గడి కలపండి, 'ఈ ఏడాది ఏమైనా చేశారా, లేక ఏమీ జరక్కుండా చూసుకున్నారా?' అని. అర్జీ జైసింగ్ రోడ్డులోని హెడ్‌క్వార్టర్స్‌కే పోస్టు చేశాను. డాక్ ఆయన నంబరేసి పక్క టేబుల్‌కి పంపే ఉంటాడు.