నేల చెమ్మగిల్లిందా? తుడవకండి, పూయించకండి

హాల్లో టైల్స్ మధ్య గీతలు నల్లబడతాయి. స్కర్టింగ్ పైన గోడ రంగు పొక్కుతుంది, గోరు తగిలితే తెల్లటి ఉప్పు రాలుతుంది. మంచం కింద నేల చేతికి చల్లగా, జిగటగా తగులుతుంది. వాన లేదు, ఎవరూ నీళ్లు ఒలకబోయలేదు. ఇక ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఒక మందు చెప్పిపోతారు. నేను చెప్పబోయేవి వాటికి పూర్తిగా ఎదురు. మేస్త్రీ ఒప్పుకోడు, రంగుల షాపువాళ్లు అసలే ఒప్పుకోరు, ఇంట్లో పెద్దవాళ్లకు తిక్క సలహాల్లా వినిపిస్తాయి. అయినా ఈ వరసలోనే చేయండి.

ముందు, తుడవడం మానండి. మంచాలూ బీరువాలూ పక్కకు జరిపి, తడి ఎంతవరకు ఉందో సుద్దముక్కతో గీసి, పక్కన తేదీ వేయండి. రోజూ చూడండి. గీత దాటుతోందా? పొద్దున ఎక్కువై మధ్యాహ్నానికి తగ్గుతోందా? మోటారు వేసిన రోజునా, వాన పడిన మర్నాడా? పొద్దునా సాయంత్రం గుడ్డపెట్టి తుడిచేసే ఇంట్లో ఈ ప్రశ్నలకు జవాబు దొరకదు. రెండు చోట్ల మాత్రం ఆగొద్దు. తడి గోడలో స్విచ్ బోర్డు ఉన్నా, కాలు పెడితే షాక్ కొట్టినట్టు జిల్లుమన్నా వెంటనే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మురుగు వాసన వస్తుంటే బాత్రూం లైనూ సెప్టిక్ ట్యాంకూ ఆ రోజే చూపించండి. పిల్లలు పాకే నేల అది.

తర్వాత అంతకన్నా వింత పని. ఆరబెట్టాల్సిన నేల మీద ప్లాస్టిక్ కప్పండి. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు ఉన్న మందపాటి పారదర్శక షీటును తడి నేల మీద పరిచి, నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపుతో అంటించండి. కాంక్రీటు బయటికి కనబడే చోటైతే మంచిది. టైల్స్ ఉంటే నాలుగు టైల్స్ కలిసే చోట వేయండి, ఎందుకంటే చెమ్మ పైకొచ్చే దారి ఆ సందులే. కనీసం 16 గంటలు, వీలైతే రెండు రోజులు వదిలేయండి. షీటు అడుగున బొట్లు కడితే నీళ్లు నేలలోంచి వస్తున్నాయి. అడుగు పొడిగా ఉండి పైన తడి చేరితే అది గాలిలోని తేమ. ఇరవై రూపాయల ప్లాస్టిక్ ముక్క ఇచ్చే ఈ జవాబు లేకుండా వేల రూపాయల పని మొదలుపెట్టడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

గాలి తేమే అయితే కిటికీలు మూసేయండి. అవును, మూయమనే చెబుతున్నాను. కోస్తాలో ముసురు రోజుల్లో గాలి 30 డిగ్రీల వేడితో, 80 శాతం తేమతో ఉందనుకోండి. అలాంటి గాలి 26 డిగ్రీలకు చల్లబడితే చాలు, నీరు వదిలేస్తుంది. రాత్రంతా ఏసీ నడిచిన గది నేల అంతకన్నా చల్లగా ఉంటుంది. తలుపులు బార్లా తీసిన కొద్దీ కొత్త తేమ వచ్చి నేల మీద వాలుతుంది. ఎండ కాసి గాలి పొడిబడ్డాక తీయండి, అప్పటిదాకా ఫ్యాను వేయండి.

నేలలోంచే వస్తుంటే మేస్త్రీని పిలవకముందు సొంత నీళ్లను అనుమానించండి. రాత్రి కుళాయిలన్నీ కట్టి ఓవర్‌హెడ్ ట్యాంకులో నీటిమట్టానికి గుర్తు పెట్టి, తెల్లవారి చూడండి. మున్సిపల్ మీటరు ఉంటే, ఎవరూ వాడకపోయినా ముల్లు కదులుతోందేమో చూడండి. సంపుకూ ఇదే పరీక్ష, మోటారు వేయకుండా, పైనుంచి నీళ్లు రానివ్వకుండా. వాస్తు ప్రకారం సంపు ఈశాన్యంలో తవ్విస్తారు కాబట్టి ఆ మూల గది చెమ్మగిల్లితే మొదటి అనుమానం దానిమీదే. సోలార్ హీటరు ఉన్న ఇంట్లో నేల ఒకచోట గోరువెచ్చగా తగిలితే అక్కడ వేడినీళ్ల పైపు కారుతున్నట్టు. ఏసీ నీటి గొట్టం ఎక్కడ వదిలారో కూడా చూడండి. ముసురులో రోజంతా నడిచే ఏసీ బకెట్ల కొద్దీ నీళ్లు వదులుతుంది, అవి గోడ మొదట్లోనే ఇంకుతుంటాయి.

ఇవన్నీ కావని తేలితే భూమి నీళ్లు. గోదావరి డెల్టాలో ఉండేవాళ్లకు సులువైన సాక్ష్యం ఉంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు చెమ్మ తగ్గి, మళ్లీ వదిలాక తిరిగొస్తే ఇక సందేహం అక్కర్లేదు. పట్నాల్లో ఎక్కువగా చూస్తున్నది వేరే కారణం. పాత సీసీ రోడ్డు తవ్వకుండా దానిమీదే కొత్తది వేసుకుంటూ పోతారు. ఒకప్పుడు వీధికన్నా రెండు మెట్లు ఎత్తున్న ఇల్లు ఇప్పుడు వీధికన్నా కిందికి వచ్చింది. వాననీళ్లు గోడకు ఆనుకుని నిలబడతాయి, బేస్‌మెంట్‌లో నింపిన మట్టి వాటిని తాగుతుంది.

ఇక్కడే అందరూ వాటర్‌ప్రూఫ్ పెయింటు కొంటారు. లోపలివైపు పూయించకండి. కాంక్రీటులో కంటికి కనబడని సన్నటి రంధ్రాల గుండా నీరు పైకి పాకుతుంది. ఉప్పును కూడా మోసుకొస్తుంది. పైన పూత అడ్డం వస్తే ఆ ఉప్పు పూత కిందే గడ్డకట్టి దాన్ని లేపేస్తుంది. షాబాదు బండల మీదే టైల్స్ అతికించడమూ అంతే. బండల సందుల్లోంచి ఆరిపోతున్న చెమ్మకు దారి మూసుకుపోయి గోడలు ఎక్కుతుంది. ఏడాది తిరక్కుండా నడుం ఎత్తు దాకా నెమ్ము పాకిన ఇళ్లు చూసి చెబుతున్నాను.

డబ్బు బయట పెట్టండి. గోడకు ఆనించి పోసిన మట్టి, పూలకుండీల గట్టు తీయించండి. ఇంటి చుట్టూ బయటికి వాలుగా సిమెంటు బెడ్ వేయించి, నీళ్లు కాలువలోకి పోయేలా చూడండి. తర్వాత ఒక వర్షాకాలం ఆగి చూడండి. అప్పటికీ తగ్గకపోతేనే నేల పగలగొట్టడం. అడుగున 40 ఎంఎం కంకర పొర, దానిమీద సన్న ఇసుక, ఆపైన 250 మైక్రాన్ల పాలిథిన్ షీటు, షీటు మీద కాంక్రీటు. పెద్ద కంకర సందుల్లోంచి నీరు పైకి పాకలేదు.

కాంక్రీటు వేశాక తొందరపడొద్దు. అంగుళం మందానికి నెల చొప్పున ఆరుతుందని పనివాళ్ల మోటు లెక్క, అంటే నాలుగంగుళాల బెడ్డుకు నాలుగు నెలలు. ముహూర్తం దగ్గరపడిందని ఆరని నేల మీద చెక్క ఫ్లోరింగో వినైలో అతికిస్తే ఆ తర్వాత ఉబికే చెమ్మ కాంక్రీటులోదే. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచిన విజయవాడ ఇళ్ల లాంటివాటికీ ఇదే మాట. పైన ఆరినట్టు కనబడినా కింద నింపిన మట్టి నెలల తరబడి తడిగానే ఉంటుంది.

ఇల్లు కట్టబోతున్నవాళ్లకు ఒక మనవి. స్లాబ్ రోజున అందరూ సెలవు పెట్టి నిలబడతారు. బేస్‌మెంట్ నింపే రోజున ఎవరూ ఉండరు. ఆ రోజు కూడా వెళ్లండి. పాలిథిన్ షీటు చిరగకుండా, ఒకదానిమీద ఒకటి జానెడు ఎక్కేలా పరిచారో లేదో మీరే వంగి చూడండి. కాంక్రీటు పడ్డాక చూడటానికి వీలుండదు.