రెండు నిమిషాల బైటు

మా రోజుల్లో తోలుబొమ్మలాట వార్త రాయాలంటే తెల్లారేదాకా తెర ముందు కూర్చోవాల్సిందే. ధర్మవరంలో అద్దె సైకిలు తీసుకుని బొమ్మలాటవాళ్ల ఊరు నిమ్మలకుంటకు పోయేవాణ్ణి. వానల్లేక చేన్లు బీడు పడితే ఊళ్లవాళ్లు చందాలేసుకుని, వాన పడుతుందని విరాటపర్వం ఆడించేవాళ్లు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే పండగనుకునే సీమ మాది. ఏ నమ్మకాన్ని వదులుకుంటాం చెప్పండి?

నడిరాత్రి దాటాక తెర వెనక్కి పోయేవాణ్ణి. అసలు ఆట అక్కడుంది. బొమ్మను తెరకు ఆనించి పట్టుకున్నాయనే పాడాలి, మాట చెప్పాలి, కాలికింద చెక్కను టకటకా తొక్కాలి. ఆడపాత్రలకు ఆ ఇంటి ఆడవాళ్లే గొంతిచ్చేవాళ్లు. మేకతోలు మీద ఉలితో పొడిచిన సన్నటి బెజ్జాల్లోంచి దీపం వెలుగు పారితే, ద్రౌపది మెళ్లో నగలు నిజంగానే మెరిసేవి. జనం కునుకు తీస్తున్నారనిపిస్తే నవ్వించే బొమ్మలు కేతిగాడూ బంగారక్కా దిగేవాళ్లు. ఇంక నిద్రెక్కడిది!

పొద్దున్నే వార్త రాసి, కవరు బస్సు కండక్టరు చేతిలో పెడితే అనంతపురం చేరేది. పాడినవాళ్లు, హార్మోనియం వాయించినవాళ్లు, చెక్క తొక్కినవాళ్లు, అందరి పేర్లూ రాసేవాణ్ణి. డెస్కులో సగం కోసేవాళ్లు, అది వేరే ఏడుపు. అచ్చయిన లైన్ల లెక్కన ఇచ్చే డబ్బులు టీలకే చాలేవి కావు.

ఇప్పుడో? 2020లో తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ ప్రకటించగానే మైకులన్నీ నిమ్మలకుంట మీద పడ్డాయి. ఆ గౌరవం రావాల్సిందే, సంతోషమే. కానీ ఎవర్ని చూసినా ఒకటే ప్రశ్న: ‘ఎలా ఫీలవుతున్నారు?’ తోలు ఎట్ల నానబెడతారు, బొమ్మకు కన్ను ఎట్ల తీరుస్తారు అని అడిగిన పాపాన పోయినవాడు లేడు. 2022లో జిల్లా చీలాక అనంతపురం పేజీకి నిమ్మలకుంట పక్క జిల్లా ఊరైపోయింది కూడా. అక్కడివాళ్లు తోలుతో లాంప్‌షేడ్లు చేసి అమ్ముకుంటున్నారని మూతి విరిచేవాళ్లున్నారు. ఆట ఆడించే ఊరే లేకపోతే ఏం తిని బతకాలి?

ఉరుము, డప్పు వాద్యాలు వాయించేవాళ్ల గతి ఇంకా అన్యాయం. దళితవాడ నుంచి వచ్చి ఊరేగింపు ముందర చెమటలు కక్కుతూ వాయిస్తారు, కెమెరా మాత్రం వెనకాల జీపులో ఉన్న నాయకుడి మీదే. మర్నాడు ఫోటో కింద ‘కళాకారుల సందడి’ అని ఒక ముక్క. వాళ్లకు తల్లిదండ్రులు పేర్లు పెట్టలేదా?

మొన్న ఒక యూట్యూబు పిల్లోడు ఇంటికొచ్చినాడు, బొమ్మలాట మీద ‘స్టోరీ’ అంట.

“ఒక్క రాత్రన్నా కూర్చుని చూడప్పా” అన్నా.

“టైం యాడుంది సార్? రెండు నిమిషాల బైటు చాలు. కేతిగాడు, బంగారక్క అన్నారు కదా, వాళ్ల ఫోన్ నంబర్లు ఇస్తారా?”