ఆదివారం డ్యూటీ

ఫారంలో మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. "మీ వృత్తిరంగం?" అని అడిగి, కింద గడులు ఇచ్చారు: ఐటీ, ఫైనాన్స్, వైద్యం, విద్య, సొంత వ్యాపారం. ఆరోది "ఇతరములు". దేవుడు ఆరో రోజున మనిషిని చేశాడు. మా ఫెలోషిప్ వాళ్లు ఆరో గడిలో మిగతా మనుషులందరినీ పడేశారు.

గచ్చిబౌలిలో ఒక అద్దాల మేడ, నాలుగో అంతస్తు, శనివారం సాయంత్రం. ఉద్యోగాలు చేసుకునే విశ్వాసుల సహవాసం. పేరు ఇంగ్లీషు, పాటలు సగం ఇంగ్లీషు, ప్రార్థనలో ఏడుపొచ్చినప్పుడు మాత్రం తెలుగు. సరుకు అమెరికాది. న్యూయార్క్‌లో టిమోతి కెల్లర్ పాస్టరుగా ఉన్న రిడీమర్ సంఘం విశ్వాసాన్నీ పనినీ కలిపి 2003లోనే ఒక కేంద్రం పెట్టింది. 2012లో ఆయన పుస్తకమూ వచ్చింది. అందులో వంక పెట్టడానికేం లేదు. ఒక రోజు దేవుడిది, ఆరు రోజులు మేనేజరువి అనుకునేవాడికి, ఆ ఆరూ దేవుడివే నాయనా అని చెప్పడం మంచి మాటే. హైదరాబాదు చేరేసరికి అది కాస్త తిరగబడి, ఏడోదీ మేనేజరుదే అయి కూర్చుంది.

ముందు సాక్ష్యాలు. "ప్రైజ్ ద లార్డ్. ఈ ఏడు అప్రైజల్‌లో ప్రభువు నాకు టాప్ రేటింగ్ ఇచ్చాడు." ఆ రేటింగులు లెక్క ప్రకారం పంచుతారు. ఒకడు పైకెక్కాలంటే ఇంకొకడు జారాలి. అదే టీములో జారినవాడు వెనక వరుసలోనే కూర్చుని ఆమెన్ అన్నాడు పాపం. తర్వాత ఒక తమ్ముడు లేచి, హెచ్‌1బీ లాటరీలో పేరొచ్చిందని కన్నీళ్లతో చెప్పాడు. దీనికి వాక్యాధారం ఉంది లెండి. ఇస్కరియోతు యూదా ఖాళీ చేసిన చోటికి మత్తీయను తీసుకున్నదీ చీట్లు వేసే. ఇంకొకాయన అమీర్‌పేటలో మూడేళ్ల అనుభవం కొనుక్కుని, ఇంటర్వ్యూకి ముందు మూడు రోజులు ఉపవాసం ఉండి ఉద్యోగం సంపాదించాడు. ఉపవాసం గురించే చెప్పాడు.

జక్కయ్య సాక్ష్యం ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు. ఆ మనిషి మేడిచెట్టు దిగి, ఎవరి దగ్గరైనా అన్యాయంగా లాగి ఉంటే నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. మావాళ్లు చెట్టెక్కడం దాకా నేర్పుతున్నారు.

మా ఫెలోషిప్‌కి నెహెమ్యా అంటే ప్రాణం. యెరూషలేము గోడ 52 రోజుల్లో లేపాడు కదా, అంతకంటే గొప్ప ప్రాజెక్టు మేనేజరు ఎవరు? వారాల తరబడి స్లైడ్లు వేసి చెప్పారు. నాలుగో అధ్యాయం అయిపోయింది, స్లైడు మారింది, ఆరో అధ్యాయం వచ్చింది. నా బైబిల్లో కాగితాలు అంటుకుపోయాయేమోనని వేలు తడి చేసుకుని విడదీసి చూశాను. ఐదు ఉంది. పేదలు పొలాలు తాకట్టు పెట్టి, కన్నబిడ్డల్ని దాస్యానికిచ్చి మొర పెట్టుకుంటే, నెహెమ్యా ఊరి పెద్దల్ని నిలబెట్టి ఆ పొలాలు, ఆ వడ్డీ వెనక్కివ్వండని నిలదీసిన అధ్యాయం. 12 ఏళ్లు అధికారిగా ఉండి, తనకు రావలసిన భత్యం తినలేదన్నదీ అందులోనే. అడిగితే, చెబుతున్న బ్రదర్ నవ్వి, "అది కాంపెన్సేషన్ టాపిక్ బ్రదర్, వేరే సెషన్ పెడదాం" అన్నాడు.

పౌలు వంతూ వచ్చింది. కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడన్న దాని మీద గంటసేపు నడిచింది. రిమోట్ వర్క్ గురించి వచ్చింది, సైడ్ బిజినెస్ గురించి వచ్చింది. సూది ఊసు రాలేదు.

సూది సంగతి నాకు కొంచెం తెలుసు. మేం ఒంగోలు వైపు మాదిగలం. ఊరి మోటబావులకు తోలుబానలు కుట్టిందీ, ఆసాములకు చెప్పులు కుట్టిందీ మావాళ్లే. ధాత కరువు నాడు, 1876-78లో, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ల పైచిలుకు తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు పని చూపించాడు. చేతిలో పార, నెత్తిన తట్ట, సాయంత్రానికి కూలి, ఆపైన వాక్యం. కూటి కోసం కలిశారన్న మాట పడకూడదని, ఆ కరువు పని సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది నీళ్లలోకి దిగారు. మా తాతకు తాత వాళ్లలో ఒకడని ఇంట్లో చెప్పుకునేవారు. మా తాత దాకా అందరివీ వేలిముద్రలే.

చేరేవాళ్లకు క్లౌ పెట్టిన నియమాలు మూడే. చచ్చిన గొడ్డును తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. ఆ రెంటికంటే ఊరిని మండించింది మూడోది: ఆదివారం పని చేయొద్దు. పిలిస్తే పరిగెత్తాల్సిన వెట్టిమనిషి వారానికో రోజు "ఈరోజు రాను" అంటే, ఆసామికి ఆగింది మోట ఒక్కటే కాదు. దెబ్బలు పడ్డాయి, పనులు పోయాయి. ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

వాళ్ల వంశంవాణ్ణి నేను. మొన్న ఆదివారం ఆరాధనలో చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని రిలీజ్ కాల్‌లో ఉన్నాను. అమెరికాలో అప్పుడు శనివారం రాత్రి, సర్వర్లకు అదే తీరిక. బల్లారాధన వేళ ఎక్కడో వేలు తగిలి మ్యూట్ పోయింది. ఈ కొత్తాయన ఎవరు, ఏ టీము అని క్లయింటు అడిగాడు. పాస్టరుగారని చెప్పలేక నెట్‌వర్క్ బాగాలేదన్నాను.

ఆ అద్దాల మేడ గేటు దగ్గర సెక్యూరిటీ ఆయనది కనిగిరి వైపు. యాభై దాటి ఉంటాయి. రోజూ 12 గంటల డ్యూటీ. రిజిస్టర్లో నా పేరు చూసి ఒకనాడు "వందనాలండి" అన్నాడు. "పైన ప్రార్థన జరుగుద్దంట గదా సార్, మాలాటోళ్లు రావొచ్చా?" మీరు ఏ మందిరానికి వెళ్తారన్నాను. "ఆదివారం డ్యూటీ సార్. రిలీవర్ రాడు. మానేస్తే రెండ్రోజుల జీతం కోత. మందిరం మొహం చూసి రెండేళ్లయింది." పక్కన స్టూలు మీద ఫోనులో కీర్తన సన్నగా వినపడుతూనే ఉంది.

కోఆర్డినేటర్‌ని అడిగాను. "తప్పకుండా బ్రదర్, అందరం ప్రభువు బిడ్డలమే. కాకపోతే కంటెంట్ ప్రొఫెషనల్స్‌ది కదా, ఆయనకు ఎక్కదు. పైగా ఆ టైములో గేటు ఎవరు చూస్తారు?" మనవాళ్లు అసలు సంగతి ఎప్పుడూ "పైగా" తర్వాతే చెబుతారు.

పోనీ అని ప్రార్థన అంశాల చీటీలో రాసిచ్చాను: గేటు దగ్గర అన్నకు ఆదివారం సెలవు. చదివేటప్పుడు అది "ఒక సహోదరుని ఉద్యోగ సమస్య" అయింది. గట్టిగానే ప్రార్థించారు. ఆ భవనం సెక్యూరిటీ కాంట్రాక్టు కాగితాల మీద సంతకం పెట్టే అడ్మిన్ బ్రదర్ నా పక్క కుర్చీలోనే ఉన్నాడు. కళ్లు మూసుకుని, రెండు చేతులూ పైకెత్తి, అందరికంటే బిగ్గరగా ప్రార్థించింది ఆయనే. పరలోకం దాకా వెళ్లిన విన్నపం పక్క కుర్చీ దాకా రాలేదు.

వచ్చే నెల అంశం ఖరారైంది: విశ్రాంతి దినం, మన కెరీర్. వాక్యభాగం నెహెమ్యా 13. విశ్రాంతి దినాన బేరాలు సాగకుండా ఆయన యెరూషలేము తలుపులు మూయించిన అధ్యాయం. శనివారం హాలు దొరకలేదు కాబట్టి ఆదివారం మధ్యాహ్నం పెట్టారు. నిన్న రాత్రి గ్రూపులో కోఆర్డినేటర్ మెసేజ్ వచ్చింది: "ఆ రోజు గేటు దగ్గర మన అన్నే ఉంటారు, అడ్మిన్ బ్రదర్ కన్ఫర్మ్ చేశారు. కుర్చీలు కూడా ఆయనే వేస్తారు. ప్రభువుకు స్తోత్రం."

కింద వరసగా నలభై బొటనవేళ్లు. నలభై ఒకటోది నాది.